ఝూమర్ కింద పడక కుర్చీ

చిన్నారావు కుడిచేతి వేళ్ళు నాలుగూ వాచి వంకాయల్లా ఉన్నాయి. బొటనవేలికి గోరు లేదు. లాకప్‌లో గోడకి ఆనుకుని కూర్చున్నవాడు నన్ను చూసి లేవబోయి, మోకాలు నిలవక మళ్ళీ కూలబడ్డాడు.

మధ్యాహ్నం ఒంటిగంటా యాభై. సెంట్రీ నా పాత దోస్తు కాబట్టి పది నిమిషాలు ఇచ్చాడు. అంతకు మించి వాడికీ దమ్ము లేదు.

"బావూ, ఈ సెయ్యి మళ్ళీ పనికొస్తాదా?" అన్నాడు చిన్నారావు. ఫిట్టరు కదా, ముందు చెయ్యి గురించే అడిగాడు.

"వస్తుందిలే. నిన్న ఏం జరిగిందో టైముల్తో సహా చెప్పు."

నిన్న, అంటే శనివారం సాయంత్రం నాలుగూ పదికి, దేవేంద్ర నగర్‌లో వెంకటరత్నం ఇంటి హాల్లో కొత్తగా బిగించిన షాండ్లియర్ ఊడిపడింది. ఈ రాయపూర్‌లో దాన్ని ఝూమర్ అంటారు. నలభై రెండు కిలోల ఇత్తడీ, గాజూ. సరిగ్గా దాని కింద పడక కుర్చీ వేసుకుని కునుకు తీస్తున్నాడు వెంకటరత్నం. నడిమి ఇనప కడ్డీ ఆయన రొమ్ములో దిగి, కుర్చీ గుడ్డ చీల్చుకుని గచ్చుకి తగిలింది. తిల్దాలో రైస్ మిల్లున్న మనిషి. ఝూమర్ బిగించింది రైల్వే వాగన్ రిపేరు షాపు ఫిట్టరు చిన్నారావు. ఆరు గంటలకి పోలీసులు వాణ్ణి డ్యూటీలోంచే లాక్కొచ్చారు.

"పొద్దున తొమ్మిదికి ఎల్లేం, నానూ మా మావా," అన్నాడు చిన్నారావు. "పాత డూమ్ లైటు తీసేసరికి పది. రెండు మేకుల మీద ఏలాడే లైటది. ఆ జాగాలో ఝూమర్ ఎలా ఆగుతాది? ఫ్యాను కొక్కేనికి తగిలించీ అన్నాడు సేటు. నానొప్పలేదు. స్లాబుకి కన్నం ఏసి ఐ బోల్టు దింపేను. పైన డాబా ఛత్తు మీద ఇనప ప్లేటు, నట్టు, నట్టు తిరక్కుండా రెండు కాళ్ళ స్ప్లిట్ పిన్ను."

"పిన్ను కాళ్ళు విరిచావా?"

వాచిన కళ్ళతోనే నన్ను కోపంగా చూశాడు. "అదేటి బావూ, వాగన్ షాపోడు పిన్నేసి కాళ్ళు ఇరవకుండా వస్తాడా? రెండేపులకీ ఇరిసేను. పాస్ చేసి సుద్దతో టైము రాసేను. ఆదివారం వచ్చి సిమెంటేద్దామని ఇటిక బోర్లించి దిగిపోయేను. రెండింటికి సైకిలెక్కేను. మూడింటి షిఫ్టుకి హాజరు టోకెను తగిలించేను."

"సేటు నిన్ను కొట్టాడట?"

తల దించేశాడు. "ఒక గాజు బొట్టు సెయ్యి జారి పగిలింది. సెంప మీద కొట్టేడు, అందరి ముందూను. కొడితే సంపేత్తామా? అలాగైతే ఈ ఊళ్ళో సేట్లెవరూ మిగలరు. అసలు నాను ఆ పని ఒద్దన్నాను. మా మావే ఒప్పుకోమన్నాడు."

ఇంకో ప్రశ్న అడిగేలోగా నా చెవి పక్కనుంచి లాఠీ దూసుకుపోయింది. కటకటాల మధ్యగా వెళ్ళి చిన్నారావు వాచిన వేళ్ళ మీద పడింది. వాడు అరవలేదు. నోరు తెరిచాడు, చప్పుడు రాలేదు. అది అరుపుకన్నా అన్యాయంగా ఉంది.

"పది నిమిషాలు అయిపోయాయి పరదేశీ," అన్నాడు మల్లేశ్వరరావు వెనకనుంచి.

మల్లేశ్వరరావు ఈ థానాకి టి.ఐ. ఈ రాష్ట్రంలో ఇన్‌స్పెక్టర్ని అలాగే పిలుస్తారు. భిలాయ్ క్వార్టర్లలో పెరిగిన తెలుగువాడు, తెలుగువాణ్ణి కొట్టేటప్పుడు ఇంకో రెండు ఎక్కువ కొడతాడు. పక్షపాతం లేదని పైవాళ్ళకి తెలియాలి కదా. ఆరేళ్ళ క్రితం నేను రైల్వే రక్షణ దళంలో సబ్ ఇన్‌స్పెక్టర్‌గా ఉన్నప్పుడు, ప్లాట్‌ఫారం మీద ఇతను ఒక కూలీని బూటుకాలితో తన్నుతుంటే పళ్ళు రెండు రాలగొట్టాను. అవి కట్టించుకున్నాడు. నా ఉద్యోగం మాత్రం తిరిగి రాలేదు. అప్పట్నుంచి 'పరదేశి, డిటెక్టివ్' అని బోర్డు పెట్టుకుని బతుకుతున్నాను.

"నాలుగింటికల్లా నేరం ఒప్పుకుని సంతకం పెడతాడు," అన్నాడు కట్టుడు పళ్ళు చూపిస్తూ. "మా హవల్దారు చాలా ఓపికమంతుడు. కుడిచెయ్యి పోతే ఎడం చెయ్యి ఉందిగా."

బయట మెట్ల మీద చిన్నారావు పెళ్ళాం దాలమ్మా, ఆమె తండ్రి దానయ్యా కూర్చున్నారు. పొద్దున్నే వచ్చి నా కాళ్ళు పట్టుకున్నది వాళ్ళే. దానయ్యకి అరవై నాలుగు. ముప్పై మూడేళ్ళు రాయపూర్ యార్డులో టి.ఎక్స్.ఆర్.గా చేసి రిటైరయ్యాడు. బండి కదిలే ముందు ప్రతి చక్రాన్నీ సుత్తితో కొట్టి విని, కప్లింగులు చూసి, ఏ వాగన్ ఫిట్టో, ఏది సిక్కో, అంటే జబ్బుదో, తేల్చేది టి.ఎక్స్.ఆరే. ఆయన సుద్దతో సిక్కు అని గుర్తు పెడితే జనరల్ మేనేజరు వచ్చి మొత్తుకున్నా ఆ వాగన్ కదలదు.

"ఏటన్నాడు బాబూ? అన్నం తిన్నాడా?" అంది దాలమ్మ.

"తిన్నాడు," అన్నాను. ఆ అబద్ధానికి నాకు సిగ్గేసింది.

దానయ్యని పనిముట్ల సంచీతో సహా నాతో రమ్మన్నాను. గొలుసు కప్పీ లాగి ఝూమర్ని పైకెత్తింది ఆయనే కాబట్టి, బరువు ఎలా వేలాడదీశారో చూపిస్తాడని నా ఆశ. దాలమ్మ కూడా వెంట వచ్చింది.

రెండున్నరకి దేవేంద్ర నగర్ చేరేసరికి మల్లేశ్వరరావు జీపు గేటు ముందే ఉంది. దాలమ్మ గేటు పక్క అరుగు మీద కూర్చుంది. దానయ్య వరండాలో ఆగాడు. నేను హాల్లోకి వెళ్ళాను.

శవాన్ని తీసుకుపోయారు గానీ మిగిలినదంతా అలాగే ఉంది. కుర్చీ కర్రలు నాలుగు పక్కలకీ విరిగిపోయాయి. రక్తం గచ్చు మీద నల్లగా గడ్డకట్టి, అందులో గాజు బొట్లు అతుక్కుని మెరుస్తున్నాయి. ఇత్తడి కొమ్మలు వంగిపోయాయి. కడ్డీ కొసకి కుర్చీ గుడ్డ పీలిక ఇంకా వేలాడుతోంది. పైన స్లాబులో రూపాయి బిళ్ళంత కన్నం, అందులోంచి ఆకాశం. ఐ బోల్టు ఝూమర్‌తో పాటే కిందికి వచ్చింది. దాని మరలు భూతద్దంలో చూశాను. ఒక్కటీ అరగలేదు, తెగలేదు.

వెంకటరత్నం భార్య సుభద్ర లోపలి గుమ్మంలో నిలబడి ఉంది. యాభై ఏళ్ళుంటాయి. ఏడ్చిన జాడ లేదు.

"కుర్చీ అక్కడ ఎవరు వేశారమ్మా?"

"ఆయనే అండి. భోజనం చేసి నౌకర్లని పంపేశారు. పడుకుని చూస్తే ఝూమర్ ఇంకా అందంగా ఉంటుందని కిందే వేసుకున్నారు. మూడున్నరకి గురక మొదలైంది."

"మీరెక్కడున్నారు?"

"వంటింట్లో. పైనుంచి కీచుమని చప్పుడు వచ్చిందండి, ఆగి ఆగి, అయిదారు నిమిషాలు. తుప్పుపట్టిన కుళాయి తిప్పినట్టు. కోతులేమో అనుకున్నా. తర్వాత ఇల్లంతా అదిరింది."

"పైకి ఎవరైనా వెళ్ళడం చూశారా?"

"మెట్లు బయటినుంచే అండి. ఎవరైనా ఎక్కొచ్చు." స్లాబు కన్నంకేసి చూసింది. "ఆ ఫిట్టరబ్బాయి అలాంటివాడు కాదండి. వాళ్ళ మామగారైతే మరీ మంచివారు. రెండేళ్ళ క్రితం వాళ్ళబ్బాయి మా మిల్లులోనే పోయాడు. అయినా మనసులో పెట్టుకోకుండా వచ్చి గొలుసు లాగారు. నేనైతే ఈ గడప తొక్కేదాన్ని కాదు."

ఆ మాట దగ్గర నేను ఆగి ఆలోచించాల్సింది. ఆగలేదు. ఎందుకంటే అప్పుడే మల్లేశ్వరరావు సోఫా చేతి మీద కూర్చుని నవ్వాడు.

"అయిందా నీ తమాషా? కేసు ఇది. చెంపదెబ్బ తిన్నాడు. కసితో పిన్ను వెయ్యకుండా దిగిపోయాడు. రెండు గంటల్లో నట్టు వదులై ఊడింది. పిన్ను ఛత్తు మీద దొరికింది, ఇదిగో." జేబులోంచి కాగితం పొట్లం తీశాడు.

పిన్ను అందుకుని వెలుతురులో తిప్పాను. "కాళ్ళు చూడు. రెండూ ఒకసారి బయటికి వంగి, మళ్ళీ తిన్నగా అయ్యాయి. వంపు దగ్గర ఇనుము తెల్లబడింది. అంటే పిన్ను వేశారు. తర్వాత ఎవరో తీశారు. పైగా నలభై రెండు కిలోలు లాగుతున్న నట్టు దానంతటది రెండు గంటల్లో ఇన్ని మరలు తిరగదు. ఆవిడ విన్న కీచు చప్పుడు పానాది. నాలుగూ పదికి ఒక మనిషి పైన ఉన్నాడు. అప్పుడు చిన్నారావు షాపులో ఉన్నాడు."

"టోకెను ఉంది. ఒకడి టోకెను ఇంకొకడు తగిలిస్తాడు, నీకు తెలీదా? సైకిలు మీద ఇరవై నిమిషాలు. వచ్చాడు, తీశాడు, పోయాడు. ఇంకా మంచిది, మూడు వందల రెండు, హత్య కేసు పక్కా. థాంక్స్."

"వాడు రాలేదు."

"వచ్చానని చెబుతాడు. ఇంకో రెండు వేళ్ళు..."

మిగతా మాట చెప్పనివ్వలేదు. నా కోపం ఒకసారి నా ఉద్యోగం తిన్నది, అయినా దానికి ఆకలి తీరలేదు. పిడికిలి అతని దవడ మీద పడింది. కట్టుడు పళ్ళు ఊడి గాజుపెంకుల్లో పడ్డాయి. మరుక్షణం అతని మోకాలు నా పొట్టలో దిగింది. వంగాను. మెడ పట్టుకుని నేలకి నొక్కి, నా ఎడమ అరచేతిని గాజుపెంకుల్లో పెట్టి బూటుతో తొక్కాడు. ఎముక దాకా దిగినట్టనిపించింది. నేను అతని చీలమండ పట్టి లాగితే వెల్లకిలా పడ్డాడు, తల ఇత్తడి కొమ్మకి తగిలింది. సుభద్ర కేక పెట్టేసరికి ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చి మమ్మల్ని విడదీశారు.

"లోపల వేసేస్తాను నిన్ను," అన్నాడు రక్తం ఉమ్మి. పళ్ళు లేక మాట గాలిగా వచ్చింది. "ముందు వాడి సంగతి చూసి."

టైము మూడూ ఇరవై. వంటింట్లో చెయ్యి కడుక్కుని, పెద్ద గాజుముక్కలు రెండు పీకి, సుభద్ర ఇచ్చిన పాత చీర పీలిక చుట్టుకున్నాను. వరండాలోకి వచ్చి చూస్తే దానయ్య లేడు. సంచీ కూడా లేదు. బయటి మెట్లు ఎక్కాను.

ఛత్తు మీద దానయ్య గొంతుకూర్చుని ఉన్నాడు. ముందు ఇనప ప్లేటు, అడుగు చదరం ఉంటుంది, నడుమ బోల్టు కన్నం. పక్కన బోర్లించిన ఇటిక. ఆయన చేతిలో తడి తువ్వాలు ఉంది. ప్లేటు మీదికి వంగుతున్నాడు.

"మావా, ఆగు."

ఆగాడు. నేను దగ్గరికి వెళ్ళి చూశాను.

ప్లేటు మీద సుద్దతో తెల్లగా 'ఫిట్ 13.40 చి.రా.' అని ఉంది. రైల్వేవాళ్ళకి ఒంటిగంటన్నర, రెండూ ఉండవు, పదమూడూ పధ్నాలుగే. ఆ అక్షరాల మీద అడ్డంగా ఒక ఇంటూ గుర్తు కొట్టి ఉంది. ఇంటూ చుట్టూ ఒక సున్నా. మల్లేశ్వరరావు దాన్ని చూసే ఉంటాడు, పిల్లల గీతలనుకుని ఉంటాడు. అతనికి యార్డు తెలియదు.

నాకు తెలుసు. అది సిక్కు గుర్తు. అదీ పాతకాలం సిక్కు గుర్తు. ఇప్పటి కుర్రాళ్ళు ఇంగ్లీషు అక్షరం ఒకటి గీకి పోతారు. ఇంటూ చుట్టూ సున్నా చుట్టే చెయ్యి యార్డు మొత్తం మీద ఒక్కటే మిగిలింది. డ్యూటీలో ఉండగా ఆ చెయ్యి పక్కన నిలబడి ఎన్ని వాగన్లు చూశానో లెక్క లేదు.

పొద్దున నా కాళ్ళు పట్టుకున్న చెయ్యి అది.

"దానయ్య మావా," అన్నాను. "మనిషిని చంపావు. చంపి, గుర్తు మార్చావా?"

ఆయన తువ్వాలు పక్కన పెట్టేశాడు. బుకాయించలేదు. "నాను రాయనేదు పరదేశీ. సెయ్యి రాసేసింది. పిన్ను తీసేను. జేబులో సుద్ద ఉంది. పిన్ను నేని బండి మీద ఫిట్టని ఉంటే ఎలా ఒదిలేత్తాం? ముప్పై మూడేళ్ళు ఒక్కటీ ఒదల్లేదు. తరవాత నట్టు తిప్పేను. కిందపడ్డ సప్పుడికి పారిపోయేను. అప్పుడు గుర్తొచ్చింది, గుర్తెట్టేసేనని."

"ఎందుకు?"

"మా జోగయ్య." ఆ పేరు చెప్పి తడి వేళ్ళు చొక్కాకి తుడుచుకున్నాడు. "పంచె కొస బెల్టుకి సిక్కింది. షాఫ్టు సుట్టూ తిప్పేసింది. అందరూ ఇంజనాపమని అరిసేరు. ఇప్పుడాపితే బియ్యం నూకైపోతాదని ఈడు ఆపనివ్వలేదు. పదకొండు నిమసాలు. నా కొడుకుని గోనె సంచీలో ఎట్టి ఇచ్చేరు. తాగొచ్చి పడ్డాడని రాయించేడు. ఆడు సారా వాసన కూడా ఎరగడు."

"రెండేళ్ళు ఊరుకున్నావు కదా."

"ఊరుకున్నాను. ఈడి ఇల్లు సూడాలని అల్లుణ్ణి పని ఒప్పుకోమన్నాను, అంతే. సంపాలని కాదు. నిన్న అల్లుణ్ణి కొట్టి, 'మీ కుటుంబంలో ఎవడికీ చేతులు సరిగ్గా ఉండవేం రా, ఆ మిల్లులో వెధవా ఇంతే' అన్నాడు. నా ముందే. నాను ఆడి తండ్రినని కూడా గుర్తు నేదాడికి." ముక్కు తుడుచుకున్నాడు. "నువ్వు యాక్సిడెంటని తేల్చేత్తావని నీకాడికొచ్చేను. అల్లుణ్ణి ఇలా సితకబాదుతారనుకోనేదు. నాకు ఆ సేటు మీద కన్నా నా మీదే అసయ్యం."

జాలీ కోపమూ రెండూ ఒకేసారి వచ్చాయి. ఏది ముందు చూపించాలో తెలియలేదు. గడియారం చూశాను, మూడూ ముప్పై ఎనిమిది.

"లే. నాలుగులోపు థానాకి పోదాం. నీ నోటితో చెప్పు. ఈ ప్లేటు నేను మోస్తాను. చిన్నారావు ఇంటికొస్తాడు."

"దాలమ్మకి నువ్వు సెప్పు," అన్నాడు. "నాను సెప్పనేను." సంచీలోంచి పెద్ద పానా తీశాడు. బరువుకి స్లాబులో దిగబడ్డ ప్లేటు అంచు కింద పెట్టి ఎత్తడం మొదలుపెట్టాడు. కాలరెగరేసి వాదించే దోషుల్ని చాలామందిని చూశాను, తన నేరానికి సాక్ష్యం తానే జాగ్రత్తగా విప్పి ఇచ్చే దోషిని మాత్రం చూడలేదు.

అప్పుడు కింద హాల్లో టెలిఫోన్ మోగింది. మల్లేశ్వరరావు గొంతు స్లాబు కన్నంలోంచి మాట మాటా వినిపించింది.

"క్యా బోలా? సాఁస్ నహీఁ లే రహా?"

ఊపిరి తీసుకోవడం లేదా అని అడుగుతున్నాడు. దానయ్య చెయ్యి ఆగింది.

"పానీ మారో ముఁహ్ పే... నబ్జ్ దేఖో." మొహాన నీళ్ళు కొట్టి నాడి చూడమన్నాడు. గేటు దగ్గర కానిస్టేబుల్ ఎవరో దగ్గడం వినిపించింది. తర్వాత అదే గొంతు, బాగా తగ్గి: "కిసీ కో మత్ బతానా. అస్పతాల్ నహీఁ. ఠండా హోనే సే పహలే కాగజ్ పే ఉస్‌కా అంగూఠా లగా లో. మైఁ ఆ రహా హూఁ."

ఎవరికీ చెప్పొద్దట, ఆస్పత్రి వద్దట, చల్లబడేలోగా కాగితం మీద చిన్నారావు వేలిముద్ర వేయించమంటున్నాడు. చచ్చినవాడి చేత నేరం ఒప్పిస్తున్నాడు.

ముప్పై మూడేళ్ళు హిందీ రాజ్యంలో బతికిన దానయ్యకి నేను అర్థం చెప్పనక్కరలేదు. ఆయన లేచాడు. పానా చేతిలోనే ఉంది. మెట్ల వైపు నడిచాడు, పరిగెత్తలేదు.

చొక్కా పట్టుకున్నాను. కుడిచేత్తో, గట్టిగా. అరవై నాలుగేళ్ళ మనిషి, నేను ఆపాలనుకుంటే ఆపగలను. ఆయన వెనక్కి తిరిగి, "ఒదులు బావూ," అన్నాడు నెమ్మదిగా. చిన్నారావు మొదటి మాటగా తన చెయ్యి గురించి అడిగాడు. వస్తుందిలే అన్నాను నేను.

వదిలేశాను.

దానయ్య మెట్లు దిగాడు. నేను పిట్టగోడ దగ్గరికి పరిగెత్తి కిందికి చూశాను. అడుగుల చప్పుడు విని దాలమ్మ అరుగు మీంచి లేచి ఎదురొచ్చింది. తండ్రి మొహంకేసి చూస్తూ కొంగు సర్దుకుంది.

"నాన్నా, లోపల ఫోనొచ్చింది. ఒదిలేత్తామన్నారా ఆయన్ని?"

దానయ్య ఎడమచెయ్యి ఆమె తల మీద వేశాడు. కుడిచేతిలో పానా ఉంది. ఆమెని మెల్లగా పక్కకి జరిపాడు.

అప్పుడే వీధి తలుపు తెరుచుకుని, జీపు తాళాలు వెతుక్కుంటూ తల వంచుకుని మల్లేశ్వరరావు బయటికి వచ్చాడు.